చంద్రుడి మట్టిలోని హీలియం-3తో కరెంటు: గని, ఫ్యూజన్ పని తెలిసినవాళ్లు చెప్పండి

బడి_సారు
జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే బడిలో అందరం టీవీ ముందు కూర్చున్నాం. అప్పటినుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతెకు చంద్రుడే లోకం. మొన్న అడిగింది: "సార్, అక్కడ హీలియం-3 ఉందట, తెస్తే పొగ లేని కరెంటు వస్తుందట. మరి ఎందుకు తేవట్లేదు?"

సూర్యుడి నుంచి వచ్చే సౌర పవనానికి ఇక్కడ మన గాలి, అయస్కాంత క్షేత్రం అడ్డు. చంద్రుడికి ఆ రెండూ లేవు కాబట్టి ఆ పవనంలోని హీలియం-3 (మామూలు హీలియం కన్నా ఒక న్యూట్రాన్ తక్కువున్న రకం) కోట్ల ఏళ్లుగా అక్కడి మట్టిలో ఇంకింది. 1986లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు అపోలో మట్టి కొలతలు చూసి పది లక్షల టన్నులు ఉంటుందని అంచనా కట్టారు. నేను చెప్పగలిగింది అంతే. మిగతాది మీ అనుభవంలోంచి కావాలి.

గోదావరిఖని_ఓసీ
నమస్తే సార్. పైనుంచి తవ్వే బొగ్గు గని, ఓపెన్‌కాస్ట్‌ల 26 ఏండ్లు. మేము మొదలు అడిగేది ఒక్కటే. పది లక్షల టన్నులు ఉంటే ఉండనీ, గ్రేడు ఎంత? అంటే ఎంత మట్టిల ఎంత సరుకు?

ప్లాస్మా_గాంధీనగర్
అన్నా, అసలు సంగతి మీరే అడిగారు. వంద కోట్ల పాళ్ల మట్టిలో పది పాళ్లు, మంచి చోట ఇరవై. అంటే ఒక గ్రాముకు వంద టన్నుల మట్టి. ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఎక్కువున్న మట్టి దాన్ని బాగా పట్టి ఉంచుతుంది, అందుకే అపోలో 11 దిగిన ప్రశాంతి సముద్రం అనే చంద్రుడి మైదానం మీద అందరి కన్నూ. సుమారు 700 డిగ్రీలకు వేడి చేస్తే చాలావరకు బయటికొస్తుంది. వచ్చేది ఒక్కటే రాదు, తనకు రెండు మూడు వేల రెట్లున్న మామూలు హీలియంతో కలిసి వస్తుంది. వేరు చేయాలి.

ఒక గ్రాము హీలియం-3 డ్యుటీరియంతో (బరువైన హైడ్రోజన్) ఫ్యూజన్‌లో, అంటే కేంద్రకాలు ఒకటయ్యేలా, పూర్తిగా కలిస్తే 1.63 లక్షల యూనిట్ల శక్తి. ఇది వేడి లెక్క, కరెంటుగా మార్చేటప్పుడు కొంత పోతుంది.

ఇక శుభ్రత మాట. ఇప్పుడు అందరూ ప్రయత్నించే డ్యుటీరియం-ట్రిటియం (ట్రిటియం ఇంకా బరువైన, రేడియోధార్మిక హైడ్రోజన్) చర్యలో శక్తిలో 80 శాతం న్యూట్రాన్లతో పోతుంది. అవి గోడలను గుల్ల చేస్తాయి, ఉక్కును రేడియోధార్మికం చేస్తాయి. హీలియం-3 చర్యలో వచ్చేది ప్రోటాన్. అయితే పక్కనే డ్యుటీరియం డ్యుటీరియంతో కూడా కలుస్తుంది, అక్కడ న్యూట్రాన్లు పుడతాయి. తక్కువే, కానీ సున్నా కాదు. దీన్ని దాచి "పూర్తిగా శుభ్రం" అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ట్రిటియంతోనే 15 కోట్ల డిగ్రీలు కావాలి, దీనికి అంతకు కొన్ని రెట్లు. మా ఫ్యూజన్ ప్రయోగశాలలో రోజంతా గోడలు శుభ్రం చేసి, వ్యాక్యూమ్ పట్టించి, సాయంత్రానికి షాట్ (ఒక ప్రయోగం) వదిలితే రెప్పపాటులో ప్లాస్మా, అంటే ఆ మహా వేడి వాయువు, కూలిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. 2022 డిసెంబరులో అమెరికా లేజర్ ప్రయోగంలో 2.05 మెగాజౌళ్లు పెడితే 3.15 వచ్చాయి. గొప్ప విజయమే. కానీ ఆ లేజర్లు గ్రిడ్ నుంచి లాగింది దాదాపు 300. అదీ అన్నిటికన్నా సులువైన డ్యుటీరియం-ట్రిటియం ఇంధనంతో.

గోదావరిఖని_ఓసీ
నైట్ షిఫ్ట్ అయినంక కూసొని లెక్క ఏసిన. కిలోకు 4,000 కిలోకేలరీల బొగ్గు అనుకుంటే వంద టన్నుల్ల 4.6 లక్షల యూనిట్ల వేడి ఉంటది. చంద్రుని మట్టి వంద టన్నులకు 1.63 లక్షలు. అంటే మన బొగ్గుల మూడో వంతు బలం. నాకే నమ్మబుద్ధి కాలే, రెండుసార్లు ఏసిన.

కానీ న్యాయంగ చెప్పాలె. మా దగ్గర బొగ్గు కనబడాలంటే ముందు ఓబీ (బొగ్గు మీదుండే మట్టి, రాయి) తియ్యాలె, టన్ను బొగ్గుకు ఎన్నో టన్నుల మట్టి. అక్కడ పై పొరే సరుకు. మోసేది సుత గ్రాములే, రైలు అక్కరలేదు.

నా భయం మిషన్ మీద. షావెల్ పళ్లు మట్టిల దిగేది బండి బరువుతోటే. అక్కడ బరువు ఆరో వంతు, బకెట్ నెడితే బండే వెనక్కి జరుగుతది. ఇంక దుమ్ము. మా దగ్గర ట్యాంకర్ దినమంత రోడ్డు తడుపుతనే ఉంటది, అయినా ఫిల్టర్లు, సీళ్లు, బేరింగులు తింటనే ఉంటది. నీళ్లు లేని కాడ ఎట్ల?

సూళ్లూరుపేట_రవి
దుమ్ము గురించి అన్న చెప్పింది నిజం. 1972లో అపోలో 17లో వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్‌కు ఆ దుమ్ముతో ముక్కు దిబ్బడేసింది. గాలీ నీరూ లేవు కాబట్టి రేణువుల అంచులు అరగవు, గాజు పెంకుల్లా ఉంటాయి. విచిత్రమేమిటంటే హీలియం-3 తవ్వాలని అందరికన్నా గట్టిగా చెబుతున్నదీ ఆయనే. రాత్రి కూడా మర్చిపోవద్దు: రెండు వారాలు చీకటి. మన విక్రమ్ ఆ మొదటి రాత్రి తర్వాత మళ్లీ లేవలేదు.

మిల్లీకెల్విన్
నేను హీలియం-3ను రోజూ వాడతాను, విదేశంలో క్వాంటం ప్రయోగశాలలో. డైల్యూషన్ ఫ్రిజ్‌లో రెండు హీలియాలు కలిపి, పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు దగ్గరికి చల్లబరుస్తాం. లీటరు వాయువు వేల డాలర్లు. ఒకసారి వాల్వు దగ్గర సన్నని లీకు వారం రోజులు కనిపెట్టలేకపోయాం. పోయిన వాయువును తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. భూమ్మీద అది ప్రధానంగా ట్రిటియం క్షయమైతేనే వస్తుంది, దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. తొందరపెడితే పుట్టేది కాదు.

కాబట్టి సార్, మొదటి కొనుగోలుదారు కరెంటు కంపెనీ కాదు, మాలాంటివాళ్లం. 2025లో అమెరికా ఇంధన శాఖ ఇంటర్‌లూన్ అనే సంస్థతో చంద్రుడి హీలియం-3 మూడు లీటర్లకు ఒప్పందం చేసుకుంది. మూడు లీటర్లంటే 0.4 గ్రాములు, పైన చెప్పిన గ్రాముకు వంద టన్నుల లెక్కలో 40 టన్నుల మట్టి. ఇది చేయగలిగిన పని అనిపిస్తుంది నాకు. కరెంటుకు కావలసింది ఏటా టన్నులు.

బడి_సారు
మీ అందరికీ చేతులెత్తి దండం. ఇవన్నీ క్లాసులో చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే ఇంకోటి అడిగింది: "వేడి చేసేశాక ఆ మట్టి ఎక్కడ పోస్తారు?"

ప్లాస్మా_గాంధీనగర్
విస్కాన్సిన్ వాళ్లు గీసిన యంత్రం నడుస్తూనే తవ్వి, వేడి చేసి, వెనకే పోసేస్తుంది. వేడిలో ఎక్కువ భాగాన్ని మళ్లీ లోపలికొచ్చే మట్టికే ఇస్తుంది. ఏడాదికి ఒక చదరపు కిలోమీటరు, మూడు మీటర్ల లోతు, 33 కిలోలు. ఇదంతా కాగితం మీదే.

బడి_సారు
రేపు బోర్డు మీద వంద టన్నులు గీసి చూపిద్దామనుకుంటున్నాను. అన్నా, మీ డంపర్‌లో ఎంత పడుతుంది?

గోదావరిఖని_ఓసీ
నేను నడిపేది వంద టన్నులదే సార్. ఒక ట్రిప్పు, ఒక గ్రాము. టైరు పక్కన నిలబడి ఫొటో తీసి పంపుతా, బిడ్డకు చూపెట్టుండ్రి.