"…నింపె నొక్కటే మోత నాఁడు": మోతా, మ్రోతా?

సత్తెనపల్లి మనవడు:
పది రోజులుగా ఒక తేటగీతి పాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. "……… నింపె నొక్కటే మోత నాఁడు". మొదటి మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతోంది. చెప్పినవారు మా తెలుగు మాస్టారు. 1996 వేసవిలో ఆయన న్యూజెర్సీలో కొడుకు ఇంటికి వచ్చారు. పక్కింటి ముసలాయన 1951 నాటి న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టు కథంతా పూసగుచ్చినట్టు చెబితే, విని అక్కడికక్కడే ఆశువుగా పద్యం అల్లారు. ఆ అక్టోబరు 3న బాబీ థామ్సన్ కొట్టిన దెబ్బ మీద పద్యం అది. తక్కిన మూడు పాదాలూ గాలికి పోయాయి. మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన మోత అన్నారా, మ్రోత అన్నారా? మొదటి మాట ఏమై ఉంటుంది?

అరసున్న:
ఇందులో తర్జనభర్జన దేనికి? "ముజ్జగము నింపె నొక్కటే మోత నాఁడు". ము–మో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) చక్కగా కుదిరింది, గణాలు సరిపోయాయి. మోతే. ఇక వేరే పని చూసుకోవచ్చు.

బండిరా:
అరసున్న గారికి ఎప్పుడూ తొందరే. "రోదసిని నింపె నొక్కటే మ్రోత నాఁడు" అని చదివి చూడండి. రో–మ్రో, సంయుక్తాక్షర యతి. క్రావడి (మ్రో కింది ర ఒత్తు) తీసేస్తే యతి కూలిపోతుంది. దాని ముందున్న "టే" ఎలాగూ గురువే కనుక గణాలకు ఢోకా లేదు. పాతకాలపు మాస్టారు క్రావడి మింగేసి ఉంటారంటే నేను నమ్మను. మన చెవులే మింగుతాయి.

అరసున్న:
ముజ్జగము అన్నా మ్రోత నిలుస్తుంది, ము–మ్రో కూడా యతే. అంటే నా పాఠంలో రెండూ చెల్లుతాయి, మీ పాఠంలో ఒకటే చెల్లుతుంది. ఏది గట్టిదో మీరే చెప్పండి.

బండిరా:
రెండూ చెల్లేది గట్టిది కాదండి, వదులుది.

నిఘంటుప్రియ:
ఇద్దరూ అసలు మాటను వదిలేశారు. మ్రోగడం నుంచి వచ్చింది మ్రోత, మోయడం నుంచి వచ్చింది మోత. వాడుకలో క్రావడి జారిపోయి రెండూ ఒకే గూటికి చేరాయి. మాస్టారు కావాలనే మోత అని ఉంటే? ఆ బంతి విసిరిన రాల్ఫ్ బ్రాంకా ఆ ఒక్క బంతి బరువును బతికినంత కాలం మోశాడు. అతని చొక్కా మీది అంకె 13. అప్పటి నుంచి ఆ అంకె కూడా నింద మోసింది. ఇది శ్లేష.

బండిరా:
బరువు దేన్నైనా వంచుతుంది గానీ నింపుతుందా? క్రియను చూసి మాట్లాడండి.

నిఘంటుప్రియ:
గంప నిండదా?

పల్నాటి పొద్దు:
ఆట తెలియని నాలాంటివాళ్ల కోసం అడుగుతున్నాను. ఒక్క దెబ్బకు ఇంత హడావిడి ఎందుకు?

సత్తెనపల్లి మనవడు:
ఆగస్టు 11 నాటికి జెయింట్స్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ కంటే 13 ఆటలు వెనకబడి ఉంది. అందరూ ఆశ వదిలేశారు. మర్నాటి నుంచి వరుసగా 16 ఆటలు గెలిచారు. చివరి 44 ఆటల్లో 37 వాళ్లవే. ఆఖరుకు రెండు జట్లూ 96 గెలుపులు, 58 ఓటముల దగ్గర సమానంగా నిలిచాయి. లీగ్ విజేత ఎవరో తేల్చడానికి మూడు ఆటలు పెట్టారు. మొదటిది జెయింట్స్ 3–1తో గెలిచారు. రెండోది డాడ్జర్స్ 10–0తో తొక్కేశారు. మూడోది జెయింట్స్ సొంత మైదానం పోలో గ్రౌండ్స్‌లో. చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 4–1తో ఓడిపోతున్నారు. ఒక పరుగు వచ్చింది, ఇద్దరు ఆటగాళ్లు దారిలో ఉన్నారు. బ్రాంకా రెండో బంతిని థామ్సన్ ఎడమ వైపు జనం కూర్చున్న మెట్ల మీదికి కొట్టాడు. దారిలో ఉన్న ఇద్దరికీ, తనకూ కలిపి మూడు పరుగులు. 5–4.
పక్కింటాయన ఇంతవరకు వచ్చేసరికి మాస్టారు కుర్చీలోంచి లేచారు. అది మాత్రం కళ్ల ముందు ఉంది. మాటే లేదు.

అరసున్న:
13 ఆటల వెనక నుంచి అంతకంతకు పెరిగి వచ్చారు కదా? అయితే నా పాఠం ఇంకా బలపడింది. ముజ్జగము అనగానే వామనుడు. "ఇంతింతై వటుఁడింతయై" అన్న పోతనను తలుచుకోకుండా ఏ తెలుగు మాస్టారూ ఇలాంటి కథ వినలేరు. మరుగుజ్జు అనుకున్నవాడు నభోవీధి దాటాడు. పోతన ఆ పద్యంలో పెరుగుదలను వర్ణించలేదు, పద్యాన్నే పెంచాడు. చదువుతుంటే మన మెడ పైకి లేస్తుంది. అది అనుప్రాస కాదు, నిచ్చెన.

నిఘంటుప్రియ:
పోతన దగ్గరికి వెళ్లారంటే ఇక మీరు తిరిగి రారు. అయినా వామనుడు మూడు అడుగుల్లో ముజ్జగాలు కొలిచాడు. పోలో గ్రౌండ్స్ ఎడమ వైపు కంచె 279 అడుగులు. బేస్‌బాల్ లెక్కలో అది మరీ దగ్గర.

అరసున్న:
అడుగుకు అడుగు తెచ్చి కలిపారు! ఈ శ్లేషను మాస్టారే వాడి ఉంటారని ఎవరైనా అనకముందే దండం పెడుతున్నాను.

జోడుగుర్రాలు:
మూలం గురించి ఎవరూ మాట్లాడరేం? ఈ దెబ్బకు అమెరికా పత్రికలు పెట్టిన పేరు అమెరికన్ కవి ఎమర్సన్ మాట. కాంకర్డ్ స్మారక స్తంభం కోసం 1837లో ఆయన రాసిన గేయంలో, 1775లో రైతులు పేల్చిన తుపాకి మోత లోకమంతటా వినబడిందన్నాడు. ఆ మాటను తెచ్చి బ్యాటు దెబ్బకు తగిలించారు. తుపాకి మోత, బ్యాటు మోత: తెలుగులో ఈ ఒక్క మాట రెంటికీ సరిపోయింది, ఇంగ్లీషులో కుదిరినట్టే. మాస్టారు అనువదించారు. అంతే. ఎమర్సన్ లోకంలో కొసరుగా జగాలు మూడు లేవు కనుక ముజ్జగము కొట్టివేయాలి.

బండిరా:
ధన్యవాదాలు. పైగా అది రేడియో. కొరియా యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులు కూడా విన్నారు. గాలిలో వెళ్లింది కనుక రోదసి. అదే రోజు సోవియట్ రష్యా మరో అణుబాంబు పేల్చిందని శ్వేతసౌధం ప్రకటించింది. రోదసిని నింపడానికి ఆ రోజు ఒకటి కాదు, రెండు మ్రోతలు.

జోడుగుర్రాలు:
అయితే "ఒక్కటే" తప్పన్నమాట. మీ సాక్ష్యమే మీ పాఠానికి గండి కొట్టింది.

పల్నాటి పొద్దు:
నాకు ఆట తెలియకపోయినా ఈ మాట తెలుసు. ఒకటే వాన అంటే ఒక్క వాన అనా అర్థం? ఎడతెగని వాన అని. మా అమ్మ "పిల్లలది ఒకటే మోత" అంటే చెవులు మూసుకునే మోత అన్నమాట. పద్యంలో కూడా అదే కాదా?

నిఘంటుప్రియ:
ఇన్ని సందేశాల్లో పనికొచ్చే మొదటి మాట ఇది. "నొకటే" అంటే గణం చెడుతుంది కనుక ద్విత్వం తెచ్చుకోక తప్పలేదు. అర్థం మాత్రం ఒకటే మోత. రేడియోలో రస్ హాడ్జెస్ "జెయింట్స్ గెలిచారు" అంటూ అదే వాక్యాన్ని వరుసగా నాలుగుసార్లు అరిచాడు కదా. ఎడతెగని మోత అది.

బండిరా:
లేదు, లేదు. కొట్టింది ఒక్కటే దెబ్బ. అవధారణార్థం (ఒక్కటి మాత్రమే అని నొక్కి చెప్పడం) స్పష్టంగా ఉంటే జాతీయం ఎందుకు వెతుకుతారు?

జోడుగుర్రాలు:
ఇంకో సంగతి. జెయింట్స్ వాళ్లు మైదానం మధ్య దూరాన ఉన్న తమ గదిలోంచి దూరదర్శినితో, ఏ బంతి వేయాలో అవతలి జట్టు చేసుకునే సైగలు చూసి, తీగ ద్వారా గంట మోగించి తమవాళ్లకు చేరవేసేవారు. ఆ గంట కూడా మోతే! మాస్టారు దాన్ని గుట్టుగా ఇరికించారేమో.

సత్తెనపల్లి మనవడు:
పద్యం 1996లోది. ఆ గుట్టు ఆటగాళ్ల నోటి నుంచి పత్రికకెక్కింది 2001లో. అప్పటికి మాస్టారు పోయి రెండేళ్లు.

జోడుగుర్రాలు:
కవికి తెలియకపోయినా పద్యానికి తెలియవచ్చు. కావ్యంలో ధ్వని (మాట చాటున స్ఫురించే అర్థం) అంటే అదే.

అరసున్న:
ధ్వనిని ఇంత దూరం ఈడ్చినవారు మన గుంపులో మరొకరు లేరు.

సత్తెనపల్లి మనవడు:
ఇప్పుడే మాస్టారి అమ్మాయికి ఫోను చేశాను. మూడో పాదం ఆమెకూ గుర్తు లేదు. నాలుగో పాదం మాత్రం ఉందట! తరువాత బ్యాటు పట్టాల్సిన కుర్రవాడి గురించి. విల్లీ మేస్. అప్పటికి ఇరవై ఏళ్లు, జట్టులో మొదటి ఏడాది. థామ్సన్ కొట్టలేకపోతే భారమంతా తన మీద పడుతుందని లోపల వణికిపోయాడట. పాదం ఇది: "తనకు వంతు రాలేదని తలఁచి మురిసె". ఆమె ఫోనులో చదివింది, నేను రాసుకున్నాను.

నిఘంటుప్రియ:
"తలఁచి మురిసె" బాగుంది. పాపం, కుర్రవాడు.

బండిరా:
ఫోనులో విన్నదాన్ని నమ్మకండి. వంతు అన్నారా, వంత అన్నారా?

అరసున్న:
ఆ! వంత అంటే దుఃఖం. "తనకు వంత రాలేదని". గణంలో తేడా లేదు, యతికీ దానితో పని లేదు. వంతు అంటే వట్టి వార్త. వంత అంటే కవిత్వం.

నిఘంటుప్రియ:
లేదండి, కుర్రవాడు ఎదురుచూస్తున్నది తన వంతు కోసమే. వంతుకు పోతనలో ప్రయోగం చూపిస్తాను, పుస్తకం అటక మీద ఉంది, దించుకుని వస్తాను.

సత్తెనపల్లి మనవడు:
ముందు మొదటి మాట సంగతి ఎవరైనా…