22ఏలో పడిన పొలం: ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లాలా?

ప్రశ్న (హైస్కూలు టీచర్, అనంతపురం)
కళ్యాణదుర్గం వైపు మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. తాత కాలం నుంచీ వేరుశనగే. నాన్న మోకాలి ఆపరేషన్ కోసం ఒక ఎకరా అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదన్నారు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింది నిషేధిత జాబితాలో ఉందట. అర్జీ ఇచ్చాం. కింద అడిగితే ‘పైకి పంపాం’ అంటారు, పైన అడిగితే ‘కింది నుంచి రాలేదు’ అంటారు. ఊళ్లో ఒక నాయకుడు ఎమ్మెల్యే దగ్గరకు తీసుకెళ్తానంటున్నాడు. మమ్మల్నేమో ఊళ్లో అవతలి పార్టీ వాళ్లుగా చూస్తారు. వెళ్తే పని అవుతుందా, ఉన్నది కూడా చెడుతుందా?

జవాబు (విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, కర్నూలు)
అమ్మా, సిఫార్సు లేఖలు వచ్చి పడే బల్ల దగ్గర ఉద్యోగం చేసినవాణ్ని, అందుకని చెబుతున్నాను. ముందు మీ సర్వే నంబరు 22ఏలో ఏ క్లాజు కింద ఉందో తెలుసుకోండి. (ఎ) అయితే ఎక్కువగా అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), (బి) ప్రభుత్వ భూమి, (సి) దేవాదాయ, వక్ఫ్ భూములు. మీది (ఇ) కిందకు వచ్చే చుక్కల భూమి అని నా అనుమానం. ఆంగ్లేయుల కాలంలో భూముల వివరాలు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు రాయవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఎవరో గుమాస్తా పెట్టిన చుక్కలకు మనవలు తిరుగుతున్నారు! వీటి కోసమే 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. తేల్చేది కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ. తహసీల్దారు నివేదిక రాస్తారు, అది ఆర్డీవో మీదుగా వెళ్తుంది. జాబితాలోంచి తీసే అధికారం ఎమ్మెల్యేకు లేదు.

అయితే లేఖ వృథా కాదు. ఎటొచ్చీ చాలా లేఖల్లో ‘ఫలానా వారి భూమి సమస్య, తగు చర్య నిమిత్తం’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏ ఫైలో తెలియక గుమాస్తా దాన్ని ఒక కట్టలో పెడతాడు. అందుకని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు మీది నంబరు జాగ్రత్త చేసుకోండి. సర్వే నంబరు, అర్జీ నంబరు, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో ఒకే కాగితం మీద రాసి ఎమ్మెల్యే పీఏ చేతికివ్వండి, ఆయన దాన్నే లేఖలోకి ఎక్కిస్తాడు. ఫైలు ఎక్కడుందో నోటితో చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, గడువు 30 రోజులు. పాత శిస్తు రసీదులు, 10(1) అకౌంటు (ఊరి పట్టాదారుల లెక్క) నకలు, సొసైటీ అప్పు కాగితాలు ఉంటే వెతికి పెట్టుకోండి. కమిటీ చూసేది వాటినే.

జవాబు (కడప)
మా మామయ్య పీఎఫ్ పింఛను ఆగితే మేమూ ముందు ఎమ్మెల్యే ఇంటికే వెళ్లాం. పీఎఫ్, పాస్‌పోర్టు, రైల్వే కేంద్రానివి, ఎంపీ కార్యాలయంలో అడగమని అక్కడి వాళ్లే చెప్పారు. మీది రెవెన్యూ కాబట్టి ఎమ్మెల్యే సరైన మనిషే. ఆ నాయకుడి చేతికి మాత్రం అసలు పత్రాలు ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు సార్. పార్టీ సంగతి?

జవాబు (కర్నూలు)
ఎమ్మెల్యే ఓటు వేసినవాళ్లకే కాదు, నియోజకవర్గం అంతటికీ. నేరుగా మీరే వెళ్లండి, మధ్యలో నాయకుడు ఎందుకు? అయినా మొహమాటంగా ఉంటే మీకు ఇంకో దారి ఉంది. హైస్కూలు టీచరు కదా, కడప–అనంతపురం–కర్నూలు ఉపాధ్యాయ నియోజకవర్గంలో మీకు ఓటు ఉండే ఉంటుంది. ఆ ఎమ్మెల్సీని అడగండి. లేఖ మండలానికి కాకుండా జాయింట్ కలెక్టరు పేరిట రాయించి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. కలెక్టరేట్‌లో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ విభాగంలో ఇచ్చేటప్పుడు ఆ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి.