బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, డిస్కులూ ప్యాడ్లూ ఏవి వేయించాలి?

రింగురోడ్డు_బాధితుడు

అందరికీ నమస్కారం. బెంగళూరులో బెల్లందూరు దగ్గర ఉంటాం. మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, 72 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగుతూ కదులుతూ పోవడం, వీలైనప్పుడు మదనపల్లె వెళ్ళి రావడం, అంతే. సిటీలో పెద్దగా తెలియట్లేదు గానీ హైవే మీద 80 దాటాక బ్రేక్ తొక్కితే స్టీరింగ్ చేతుల్లో వణుకుతోంది, పెడల్ కూడా కాలి కింద కొట్టుకుంటోంది. సర్వీస్ సెంటర్ వాళ్ళు చక్రం కూడా విప్పకుండా "డిస్కులు బెండయ్యాయి సార్, అన్నీ మార్చాలి" అని 14 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మా సందు చివర మెకానిక్కేమో లేత్ పట్టిస్తే, అంటే మిషన్ మీద డిస్కు పై పొర కోయించి చదును చేయిస్తే, చాలు అంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే చిల్లుల డిస్కులు, గాట్ల డిస్కులు, సిరామిక్ ప్యాడ్లు, ఏది ఎవరికో అర్థం కాలేదు. రేసులేవీ చెయ్యను. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి బ్రేకుల దగ్గర కక్కుర్తి పడను, అలాగని డబ్బా మీద పేరు చూసి డబ్బులు తగలెయ్యాలనీ లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

స్పానర్ బాబాయ్

ముందు కొలిపించండి, కొనడం తర్వాత. చక్రం విప్పకుండా డిస్కు సంగతి చెప్పేవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ప్రతి డిస్కు మీదా, మధ్యలో గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే చోటో అంచు మీదో, కనీస మందం ఎంత ఉండాలో మిల్లీమీటర్లలో పోత పోసి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనపడుతుంది. అంతకంటే పల్చబడితే మారు మాట లేదు, మార్చడమే. కొలిచేటప్పుడు ఒక తిరకాసుంది. ప్యాడ్ తగలని చివరి అంచు అరగదు కాబట్టి అక్కడ గట్టులా లేచి ఉంటుంది, మందం కొలిచే వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుంటే అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే డిస్కుకి అటొకటి ఇటొకటి ఒకే రకం రూపాయి బిళ్ళలు పెట్టి కొలిచి, ఆ రెండు బిళ్ళల మందం తీసెయ్యమనండి. చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి.

ఇక "బెండు" అనే మాట. పోత ఇనుము డిస్కు నిజంగా వంగిపోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, బాగా వేడెక్కిన బ్రేకుని తొక్కిపట్టి కారు ఆపేస్తే ప్యాడ్ పదార్థం ఒకచోట డిస్కుకి అంటుకుపోతుంది. లేదంటే డిస్కు వెనక, అది ఆనుకుని కూర్చునే హబ్బు మీద తుప్పు పొర ఉండి డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది, అలాగే వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఒకచోట ఎక్కువ అరిగి మందంలో తేడా వస్తుంది. మీ కాలికి తగిలేది ఆ తేడాయే. హబ్బు శుభ్రం చెయ్యకుండా కొత్త డిస్కు బిగించారనుకోండి, కొన్ని నెలలకి మళ్ళీ ఇదే వణుకు. మీరు ఎంత ఖరీదైనది కొన్నా సరే.

లేత్ సంగతి: కోసిన తర్వాత కూడా ఆ కనీస మందానికి పైన బాగా మిగిలితేనే. 72 వేలు తిరిగిన డిస్కుకి అంత కండ ఉంటుందని నేననుకోను.

బ్రేక్ తొక్కకపోయినా వణుకుతుంటే మాత్రం ఇదంతా వదిలేసి వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి.

పాడి_పిల్లోడు

బాబాయ్ చెప్పినదానికి నాది ప్యాడ్ల వైపు నుంచి. నేనుండేది చెన్నైలో, స్పేర్ పార్టుల లైన్లోనే పని.

అన్నా, రోజువారీ తిరుగుడికి చిల్లులూ లేని గాట్లూ లేని సాదా వెంటిలేటెడ్ డిస్కు, అంటే రెండు పలకల మధ్య గాలి ఆడే సందులున్నది, చాలు. చిల్లుల వల్ల ఇనుము తగ్గుతుంది, అంటే వేడి దాచుకునే శక్తీ తగ్గుతుంది, పైగా గట్టిగా వాడితే ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. ప్యాడ్లలో మూడు రకాలు. ఆర్గానిక్‌వి మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి, కానీ త్వరగా అరుగుతాయి, ఘాట్‌లో బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సెమీ మెటాలిక్ వేడికి తట్టుకుంటుంది, బదులుగా అల్లాయ్ వీల్స్ నల్లగా చేస్తుంది, డిస్కునీ కాస్త ఎక్కువ తింటుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కీచుమంటుంది. సిరామిక్‌వి దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ. మీ వాడకానికి కంపెనీ ఒరిజినల్ ప్యాడ్ ఏ రకమో దాన్నే వేయించుకోమంటాను, సిరామిక్ తప్పేం కాదు గానీ దానివల్ల కారు దగ్గర్లో ఆగుతుందని మాత్రం ఆశపడకండి. రింగ్ రోడ్డు మీద అంత వేడి పుట్టే స్పీడు ఎక్కడ దొరుకుతుంది అసలు?

పేర్ల గొడవ ఎక్కువ పెట్టుకోకండి. బ్రేక్స్ ఇండియా ఇక్కడ పాడిలో 1962లో మొదలైంది, రానే వాళ్ళదీ చెన్నైయే, బాష్, బ్రెంబో కూడా సాదా డిస్కులు అమ్ముతాయి. వీటిలో మీ కారుకి సరైన పార్ట్ నంబర్ దేనికి దొరికితే అది తీసుకోండి. కొన్ని ప్యాడ్ల మీద కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పుడు పట్టు. ఈ అంటే ఘర్షణ గుణకం (పట్టుకి కొలత) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండూ ఎఫ్ ఉంటే రోడ్డు కారుకి హాయిగా సరిపోతుంది. ఎంత కాలం వస్తుందో, కీచుమంటుందో లేదో ఆ అక్షరాలు చెప్పవు.

మినర్వా_మూర్తి

కొనడానికి జేసీ రోడ్డుకి వెళ్ళండి, టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా అన్నీ పార్టుల షాపులే. ఆర్సీ ఫోటో, ఛాసిస్ నంబర్ పట్టుకెళ్ళండి, ఒకే మోడల్లో కూడా ఏడాదిని బట్టి డిస్కు సైజు మారుతుంది. బిల్లు లేకుండా సగం ధరకి "ఒరిజినలే సార్" అంటే డబ్బా తాకకుండా బయటికొచ్చెయ్యండి. ఎడమ, కుడి రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి.

టర్బో_తమ్ముడు

నేనైతే చిల్లులవి వేయించా బ్రో, అల్లాయ్ వీల్స్ లోంచి లుక్ అదిరిపోయింది.

స్పానర్ బాబాయ్

లుక్కు గురించి ఆయన అడగలేదు తమ్ముడూ.

రింగురోడ్డు_బాధితుడు

చాలా థాంక్స్ అందరికీ. నిన్న వేరే గ్యారేజీలో విప్పించాను. డిస్కు మీద 20 అని ఉంది, బిళ్ళలు పెట్టి కొలిస్తే ఒక చక్రం డిస్కు 20.3, ఇంకో చక్రానిది చోటుని బట్టి 20.1 నుంచి 19.9 దాకా వచ్చింది. కాబట్టి లేత్ మాట పోయింది. ఇంకో విషయం, ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది 6 ఉంది. ఇదెందుకు? కొత్తవి వేశాక ప్యాడ్లు డిస్కుకి సర్దుకోవడానికి ఏదో బెడింగ్ చెయ్యాలంటారు, ఈ ట్రాఫిక్‌లో అది కుదిరే పనేనా?

స్పానర్ బాబాయ్

ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు బిగుసుకుపోయాయి, అందుకే లోపలి ప్యాడే పనంతా చేస్తోంది. పిన్నులు బయటికి లాగి, తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పెట్టమనండి. బేరింగులకి పెట్టే మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూట్లు ఉబ్బి మళ్ళీ పట్టేస్తాయి. రబ్బరు చిరిగి ఉంటే అదీ మార్చాలి, పెద్ద ఖర్చేం కాదు. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన బ్రేక్ ఆయిల్ పొంగుతుంది, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, గుడ్డ వేసి ఉంచమనండి. విప్పిన క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదీస్తుంటే ఊరుకోకండి, తీగతో కట్టమనండి.

ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే ఈ పనితోనే కొత్తది పోయించండి. అది గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. హార్స్‌లీ హిల్స్ దిగుతూ పొడుగునా బ్రేక్ మీద కాలు ఉంచితే అప్పుడు తెలుస్తుంది తేడా. అక్కడ ఎలాగూ రెండో గేరులోనే దిగాలి.

బెడింగ్ కుదురుతుంది, ఆదివారం తెల్లవారి ఖాళీ రోడ్డు చూసుకోండి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూస్తారు, బిగించే ముందే బ్రేక్ క్లీనర్‌తో తుడిపించాలి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, మొదటి తొక్కు నేల దాకా పోతుంది, కంగారు పడొద్దు. తర్వాత వెనక ఎవరూ లేరని చూసుకుని 60 నుంచి 10కి, సడన్ బ్రేక్ కాకుండా గట్టిగా, ఒక పదిసార్లు తగ్గించండి, మధ్యలో పూర్తిగా ఆపకండి. అయిపోయాక బ్రేక్ జోలికి పోకుండా కొన్ని కిలోమీటర్లు నడపండి, చల్లారాలి. సిగ్నల్ దగ్గర వేడి బ్రేకు తొక్కిపట్టుకుంటే మొదట చెప్పినట్టు ప్యాడ్ పదార్థం అంటుకుని కొత్త డిస్కుకీ మచ్చ పడుతుంది. కాస్త కాలిన వాసన వస్తే భయపడకండి.

మినర్వా_మూర్తి

వెనక డ్రమ్ములు ఎవరూ అడగలేదేంటి? 72 వేలకి డ్రమ్ముల లోపలి బ్రేక్ షూలు కూడా ఓసారి విప్పి చూడమనండి. హ్యాండ్ బ్రేక్ ఎన్ని క్లిక్కులకి పట్టుకుంటోంది మీకు?