గ్రాండ్ టోటల్ కరెక్ట్, జిల్లాల మొత్తాలు మాత్రం తప్పు: క్యూబ్‌లో ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఒక ఎరువుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర రిపోర్టులు చూస్తుంటాను. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనాలిసిస్ సర్వీసెస్‌లో మల్టీడైమెన్షనల్ క్యూబ్ (అమ్మకాలను ఊరు, జిల్లా లాంటి కోణాల్లో కూడి చూపించే డేటాబేస్), దాని మీద ఎక్సెల్ పివట్లు.

కోరాపుట్ అమ్మకాలు తక్కువ చూపిస్తోంది, రాయగడవి సరిగ్గా అంతే ఎక్కువ. గ్రాండ్ టోటల్‌లో పైసా తేడా లేదు. క్యూబ్‌కు డేటా ఇచ్చే టేబుల్ మీద నేరుగా గ్రూప్ బై (జిల్లాల వారీగా కూడే ఎస్‌క్యూఎల్ క్వెరీ) వేస్తే అన్నీ సరిగ్గా వస్తున్నాయి. తేడా అంతా లక్ష్మీపూర్, రాంపూర్ లాంటి ఊళ్ల దగ్గరే. ఆ పేర్లతో రెండు జిల్లాల్లోనూ మాకు డీలర్లున్నారు (1992 దాకా రెండూ ఒకే జిల్లా మరి). డైమెన్షన్‌లో (క్యూబ్‌లో ఊళ్లు, జిల్లాల జాబితా) ఊరిని గుర్తించే కీ కాలమ్‌గా ఊరి పేరు ఒక్కటే పెట్టారు, అందుకే ఒకే పేరున్న రెండు ఊళ్లు ఒక్కటై ఒకే జిల్లా కింద పడుతున్నాయి. ఒకే కీ మళ్లీ వస్తే ఏం చేయాలో చెప్పే కీ డూప్లికేట్ సెట్టింగ్ ఇగ్నోర్ ఎర్రర్‌లో (పట్టించుకోవద్దని) ఉంది కాబట్టి ప్రాసెసింగ్ ఏ గొడవా లేకుండా అయిపోతోంది.

జిల్లా కోడ్, ఊరి పేరు కలిపి కాంపోజిట్ కీ పెడితే లెక్క కుదురుతుంది. కానీ మెంబర్ల యూనిక్ నేమ్‌లు (క్యూబ్ లోపల ఒక్కో ఊరిని సూచించే పేర్లు) మారితే సేల్స్ వాళ్లు సేవ్ చేసుకున్న ఫిల్టర్లు, ఎండీఎక్స్ (క్యూబ్‌ను ప్రశ్నించే భాష) క్వెరీలు పోతాయని టెన్షన్. పాత ఊరి అట్రిబ్యూట్‌ను (డైమెన్షన్‌లోని ఊరి ఫీల్డ్) ఉంచి పక్కన కొత్తది పెట్టడం మేలా? లేక ఊరికో కోడ్ ఇచ్చి ఒకేసారి మార్చేయాలా? ఖరీఫ్ ఇండెంట్లు (ఎరువుల ఆర్డర్లు) ఈ లెక్కల మీదే పెడతారు. కోరాపుట్‌కు యూరియా తక్కువ వెళ్తే ఇబ్బంది పడేది రైతులు. ఇలాంటి మార్పు చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.