ఘాట్ రోడ్డులో కుక్కకు వాంతులు: మారోపిటాంట్ ఇచ్చినా ఆగలేదు, ఎందుకు?

ప్రశ్న:
నాటు కుక్క, 9 నెలలు, 18 కిలోలు. కిందటి నెల కడుపు పాడై వాంతులైతే డాక్టర్ గారు మారోపిటాంట్ (కుక్కలకు వాంతులు ఆపే మందు) 24 మి.గ్రా. మాత్ర రోజుకు ఒకటిన్నర రాశారు, తగ్గిపోయింది. అదే డోసు విశాఖ నుంచి అరకు వెళ్లేటప్పుడు కారెక్కించే ముందు వేస్తే, శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే కక్కేసింది. ఈసారి వాంతులకే వాడే ఇంకో మందు ఒండాన్‌సెట్రాన్ వేయమంటారా?

జవాబు 1:
మందు తప్పు కాదండీ, డోసు చాల్లేదు. ఒకటిన్నర మాత్ర అంటే 36 మి.గ్రా., కిలోకు 2. అది కడుపు పాడైనప్పటి లెక్క. ప్రయాణపు వాంతులకు కిలోకు 8 కావాలి. 18 కిలోలకు 144 మి.గ్రా.: 60 మి.గ్రా. మాత్రలు రెండు, 24 మి.గ్రా. మాత్ర ఒకటి. ఆ చీటీ మీదే నాలుగు రెట్లు చేసి వేసేయకండి, డాక్టర్ చేత ప్రయాణానికని మళ్లీ రాయించుకోండి. కిలోకు 2 ఇస్తే నోటి ద్వారా రక్తంలోకి చేరేది దాదాపు 24 శాతం. 8 ఇస్తే కాలేయం అంతా ఆపలేక 37 శాతం దాకా చేరుతుంది. అంటే డోసు నాలుగింతలైతే రక్తంలో మందు అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. అందుకే ఈ డోసు రోజుకొకసారి, వరసగా 2 రోజులకు మించకూడదు. వెళ్లేరోజు ఒకటి, మర్నాడు తిరుగు ప్రయాణానికి ఒకటి, అంతే. కాలేయం జబ్బున్న కుక్కలకు డాక్టర్ చూడనిదే వద్దు. 16 వారాలు నిండని పిల్లలకు ఈ డోసు అసలే వద్దు.

జవాబు 2:
వేళ కూడా తప్పిందండీ. బయల్దేరడానికి 2 గంటల ముందు వేయాలి. 6కి కారు కదిలితే మాత్ర 4కి. కడుపునిండా పెట్టొద్దు, అలాగని పూర్తి ఖాళీ కడుపుతోనూ వేయొద్దు. ఈ పెద్ద డోసు ఖాళీ కడుపులో పడితే కారెక్కకముందే మందే కక్కించేస్తుంది. రెండు చెంచాల అన్నంతో ఇస్తే చాలు. చీజ్‌లోనో మాంసపు ముద్దలోనో గట్టిగా చుట్టి ఇవ్వొద్దు, మాత్ర ఆలస్యంగా కరుగుతుంది. మాత్ర కక్కేస్తే ఇంకోటి వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
వాంతి ఆగినా చొల్లు కారుతూనే ఉంటే?

జవాబు 3:
ఈ మందు వాంతిని ఆపినంత గట్టిగా వికారాన్ని ఆపదు. చొల్లు, పెదాలు నాక్కోవడం, ఆవలింతలు కొంత మిగులుతాయి. ఇంటి ముందు ఆగి ఉన్న కారు ఎక్కగానే చొల్లు మొదలైతే అది భయం, దానికి వేరే మందు, వేరే అలవాటు కావాలి. ఆగిన కారులో తిండి పెట్టడం, తర్వాత 5 నిమిషాల తిప్పుడు, అలా మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

ఒండాన్‌సెట్రాన్ పేగుల నుంచి, కీమో మందుల నుంచి వచ్చే వాంతులకు మంచిదే. మలుపుల్లో కదిలేది చెవి లోపలి సమతుల్యత. ఆ దారి దీనికి అందదు. ఎవోమిన్ (మనుషులు ప్రయాణాల్లో వేసుకునే ప్రోమెథజిన్ మాత్ర) కొందరు వేస్తారు గానీ ఫలితం నిలకడగా ఉండదు, మత్తు మాత్రం ఖాయం. జలుబు మందులు కలిసిన మాత్రలైతే ప్రమాదం.

ఒకటి మాత్రం మరవొద్దు: గుడ్డ ముక్కో ఎలుకల మందో తిన్నదన్న అనుమానం ఉన్నా, పొట్ట ఉబ్బి ఏమీ రాకుండా ఓకరిస్తున్నా ఈ మాత్ర వేయకండి. వాంతి ఆగుతుంది, అసలు జబ్బు దాగిపోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.