అసింక్ ఐఓకి వర్కర్ థ్రెడ్లు: లెక్క మనం కట్టాలా, కెర్నల్‌కి వదిలేయాలా?

రొయ్యలగుంట_కోడర్ (నెల్లూరు)
అన్నలూ, ఆఫీసులో రెండు రోజులుగా ఇదే గొడవ, మీరే తేల్చాల. ముత్తుకూరు పక్క రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పెట్టెలు పెట్టి ఉండాం, 5 నిమిషాలకోసారి రీడింగు వస్తాది, ఫైల్లో రాసుకుంటాం, ఆక్సిజన్ తగ్గితే రైతుకి ఎస్ఎమ్ఎస్ పోతాది. అంతా నోడ్‌లో (సర్వర్లో జావాస్క్రిప్ట్ నడిపేది) రాసిందే. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయేది అందరికీ తెలిసిందే, సరిగ్గా ఆ టైములోనే మెసేజీలు 20 సెకన్లు, ఒక్కోసారి నిమిషం పైన లేటు. సీపీయూ చూస్తే ఖాళీగా కూచోనుంది. నోడ్ అడుగున ఉండే లిబ్‌యూవీ లైబ్రరీలో థ్రెడ్‌పూల్ (ఆగి కూర్చునే పనులు చేసే వర్కర్ థ్రెడ్ల గుంపు) డిఫాల్ట్ 4 అంట, నేను 128 చేశా. మెసేజీల లేటు తగ్గింది గానీ పొద్దున రిపోర్టులు తీసేటప్పుడు పాత హార్డ్ డిస్కు గిలగిలా కొట్టుకుంటా ఉంది. మా సీనియర్ ఏమో ఈ లెక్కలు మనకెందుకబ్బా, ఐఓ యూరింగ్‌కి (చదివే రాసే పనులు మనం ఆగకుండా, అంటే అసింక్‌గా, లినక్స్‌తో చేయించుకునే దారి) పోదాం, కెర్నలే (లినక్స్ గుండెకాయ) చూసుకుంటాది అంటాడు. ఏది రైటు?

టంగుటూరు_కాటా
మాది పొగాకు వేలం జరిగే ఊరు, ఒక్క మాట చెప్తా. కాటా ఒకటే ఉన్నకాడ హమాలీల్ని 128 మందిని దించితే బేళ్ళు తొందరగా తూగవు, తోపులాట అయితది. తిరిగే డిస్కుకి చదివే తల కదిలేది ఒక్కసారి ఒక్కచోటికే. 4 పెట్టినోళ్ళు ఏం పిచ్చోళ్ళు కాదు.

గూడూరు_నిమ్మ
కాటా పోలిక సగమే కరెక్టు అన్నా. సాటా డిస్కు 32 ఆర్డర్ల దాకా ఒకేసారి తీసుకొని దగ్గర దగ్గరవి కలిపి చదువుకుంటాది, కాబట్టి నలుగురి కంటే పదిమంది ఉంటే మేలే, 128 అయితే దండగ. ఎస్ఎస్‌డీ అయితే ఈ లెక్కే వేరు.

అయినా అసలు ఫైళ్ళకి థ్రెడ్లెందుకు అని అడిగేవాళ్ళకి: సాకెట్టుకైతే (నెట్టు కనెక్షను) లినక్స్‌లో ఈపోల్ అనే కాపలా ఉంది, డేటా వచ్చినప్పుడు లేపుతాది. మామూలు ఫైల్ని ఈపోల్‌కి ఇస్తే ఎర్రర్ కొట్టి తిప్పి పంపిస్తాది, డిస్కు మీద ఫైలు వాళ్ళ లెక్కలో ఎప్పుడూ రెడీయే. చదవడానికి పోతే మాత్రం ఆగిపోతాది. అందుకే ఎవడో ఒకడు అడ్డంగా నిలబడి వెయిట్ చెయ్యాల, ఆ ఎవడో ఒకడే వర్కర్ థ్రెడ్డు.

కావలి_కెర్నల్
సీనియర్ చెప్పిందే రైటు. ఐఓ యూరింగ్ 2019లో లినక్స్ 5.1లో వచ్చింది, జెన్స్ ఆక్స్‌బో రాసింది. పని ఇస్తే ముందు ఆగకుండా అయ్యేదేమో చూస్తది, కాకపోతేనే వర్కర్‌కి ఇస్తది, అంటే చాలా పనులకి థ్రెడ్డే అక్కర్లేదు. మనం 4 అనో 128 అనో గుడ్డిగా కొట్టే నంబరు కంటే అది ఎన్నో రెట్లు నయం. ఇంకా థ్రెడ్లు లెక్కపెట్టుకుంటా కూర్చోడం ఏంది?

టంగుటూరు_కాటా
నంబరు మాయం కాలేదు తమ్ముడూ, దాక్కుంది. అక్కడా ఫైళ్ళ పనికి వర్కర్ల పరిమితి రింగు (మనం పనులు వేసే క్యూ) సైజు, సీపీయూలకి 4 రెట్లు, ఈ రెంట్లో ఏది తక్కువైతే అది. ఎప్పటికి అయితదో తెలీని పనులకైతే ప్రాసెస్ లిమిటు తప్ప కట్టడే లేదు. జనం మొత్తుకుంటే 5.15లో ఆ నంబరు మార్చుకునే దారి వాళ్ళే ఇచ్చారు. కెర్నలే చూసుకునేటట్టయితే అదెందుకంట? పైగా 2023లో గూగుల్ వాళ్ళు చెప్పారు, తమ కెర్నల్ బౌంటీకి (లోపాలు పట్టినోళ్ళకి డబ్బులిచ్చేది) వచ్చిన దాడుల్లో 60 శాతం ఐఓ యూరింగ్ మీదే అని, క్రోమ్ఓఎస్‌లో తీసేశారు కూడా.

పెన్నా_ఒడ్డు
మీరిద్దరూ కొట్టుకునే లోపల ఒక ప్రశ్న. ఎస్ఎమ్ఎస్ పంపేవాళ్ళ సర్వర్‌ని పేరుతో పిలుస్తుండావా, అడ్రస్‌తోనా? పేరుతో అయితే ఆ పేరు వెతికే పని కూడా ఆ 4 థ్రెడ్లలోనే జరుగుతాది. ఆ వెతికే గెట్ అడ్రస్ ఇన్ఫో అనేది ఆగి కూర్చునే ఫంక్షను, నేమ్ సర్వర్ (పేరుకి అడ్రస్ చెప్పేది) పలక్కపోతే 5 సెకన్లు చూస్తాది, మళ్ళా ఒకసారి అడుగుతాది, అంటే ఒక్క నేమ్ సర్వర్‌కే 10 సెకన్లు. రెండు ఉంటే 20. తెల్లారుజామున గుంటలన్నిట్లో ఒకేసారి ఆక్సిజన్ పడిపోతాది, అన్నిటి మెసేజీలు ఒకేసారి లేస్తాయి. పేర్లు వెతికే పనికి పూల్లో సగం థ్రెడ్లే ఇస్తాది, అంటే రెండే; ఆ రెండూ పేర్లు వెతుక్కుంటా పడుకుంటే మిగతా మెసేజీలన్నీ వాటి ఎనకాలే క్యూ. రాత్రికి జీడీబీ (నడిచే ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చూపించేది) తగిలించి చూడు.

రొయ్యలగుంట_కోడర్
సామీ! పూల్ మళ్ళీ 4కి తెచ్చి పొద్దున 3:40కి లేచి చూశా. రెండు థ్రెడ్లు గెట్ అడ్రస్ ఇన్ఫోలోనే పడుకోనుండాయి, మిగతా రెండూ ఖాళీ, ఒక్కటి కూడా డిస్కు దగ్గర లేదు. కరెంటు పోయి రూటరు మళ్ళీ లేచే టైము అది. అంటే 128 పెట్టినప్పుడు బాగైంది డిస్కు వల్ల కాదు, పేర్లు వెతికేదానికి మనుషులు దొరికారు అంతే.

పెన్నా_ఒడ్డు
అదే మరి. ఐఓ యూరింగ్‌లో పేరు వెతికే ఆపరేషనే లేదు, మీ సీనియర్ మాట విని రెండు నెలలు కష్టపడి మార్చినా మెసేజు ఇట్టాగే ఆగేది. నోడ్‌లోనే డీఎన్ఎస్ రిజాల్వ్ అనే ఫంక్షను వాడు, అది సాకెట్టు మీద పోతాది, పూల్‌ని ముట్టుకోదు. అది హోస్ట్స్ ఫైలు (మన మెషీన్లోనే పేర్లూ అడ్రస్లూ రాసుకునేది) చూడదు, అది గుర్తుపెట్టుకో. వచ్చిన అడ్రస్ కాసేపు దాచుకో, నేమ్ సర్వర్ పలక్కపోయినా మెసేజు పోతాది. రిపోర్టులు తీసే పని వేరే ప్రాసెస్‌కి మార్చు. నోడ్‌లో జావాస్క్రిప్ట్ నడిపే వర్కర్ థ్రెడ్స్ అనేవి వేరే, అవి పెట్టినా అన్నిటికీ ఈ పూల్ ఒక్కటే, వాటితో లాభం లేదు.

కావలి_కెర్నల్
సరే ఈ కేసులో ఒప్పుకున్నా. కానీ విండోస్‌లో చూడండి, కంప్లీషన్ పోర్టు (అయిపోయిన పనుల్ని థ్రెడ్లకి పంచేది) విండోస్ ఎన్‌టీ 3.5 నాటి నుంచి ఉంది, ఒకేసారి ఎన్ని థ్రెడ్లు నడవాలో మనం చెప్తే చాలు, ఒకటి ఆగితే కెర్నలే ఇంకోదాన్ని లేపుద్ది. ఆ సుఖం లినక్స్‌లో పూల్ రాసుకునేవాళ్ళకి ఉందా? ఏ థ్రెడ్డు ఆగిందో తెలిసేది కెర్నల్‌కే.

గూడూరు_నిమ్మ
ఆ మాట బాగుంది. కానీ పోస్ట్‌గ్రెస్ 18 డేటాబేసు చూడు, 2025లో అసింక్ ఐఓ తెచ్చారు, ఐఓ యూరింగ్ కూడా పెట్టారు, అయినా డిఫాల్ట్ మాత్రం వర్కర్లే, అదీ ముగ్గురే. అన్ని చోట్లా నడవాల కదా.

రొయ్యలగుంట_కోడర్
అడ్రస్ దాచుకునేటట్టు మార్చా, పూల్ 8 పెట్టా. రాత్రి 11 గుంటలకి అలర్ట్ పోయింది, అన్నీ 2 సెకన్లలోపే. ఒక రైతు మాత్రం ఫోన్ చేసి ఏందబ్బా ఇన్ని మెసేజీలు, నిద్రపోనీరా అన్నాడు.