విమానం గాల్లో పైకి ఎక్కేటప్పుడు లిఫ్ట్ (గాలి రెక్కల్ని పైకెత్తే బలం) బరువు కంటే ఎక్కువా, తక్కువా?

గాలిపటం: మా అబ్బాయి నోట్సులో ఇలా ఉంది: "లిఫ్ట్ బరువును మించితే విమానం ఎక్కుతుంది, తగ్గితే దిగుతుంది." ఇది తప్పు. ఒకే వేగంతో, ఒకే వాలులో ఎక్కుతున్న విమానానికి లిఫ్ట్ బరువు కంటే కాస్త తక్కువే. 10 డిగ్రీల వాలులో బరువులో దాదాపు 98.5 శాతం (10 డిగ్రీల కొసైన్ అంతే). మిగతాది ఇంజిన్ మోస్తుంది.

నీలిమేఘం: ఎక్కుతున్నంతసేపూ లిఫ్ట్ ఎక్కువే ఉండాలండీ. లేకపోతే టేకాఫ్‌లో ఫ్లాప్‌లు (రెక్క వెనక అంచున ఉండే పలకలు) ఎందుకు దించుతారు?

గాలిపటం: వేగం తక్కువ కాబట్టి. మిగతావన్నీ అలాగే ఉండి వేగం సగమైతే లిఫ్ట్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే ఫ్లాప్‌లు. ల్యాండింగ్‌లో మామూలుగా ఇంకా ఎక్కువ దించుతారు. మీ లెక్కన దిగే విమానానికి లిఫ్ట్ ఎందుకు పెంచుతున్నట్టు?

చిన్నపిట్ట: రెక్క పైన దూరం ఎక్కువ కాబట్టి, కింది గాలిని అందుకోవడానికి పై గాలి పరుగెడుతుంది. అంతే కదా?

గాలిపటం: కాదు. పై గాలి కింది గాలి కంటే ముందే వెనక అంచుకు చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, పైన పీడనం తగ్గుతుంది. రెండూ ఒకే పనికి రెండు వైపులు.

నీలిమేఘం: ఫ్లాప్‌ల సంగతి వదిలేయండి. నేను పాఠాలు చెప్పేవాణ్ణి. నిరుడు ఒక తండ్రి వచ్చి పిల్లలందరి ముందు నన్ను నిలదీశాడు, మీలాగే. కొసైన్ రాని పిల్లలకు ఏం చెప్పమంటారు? ముందు సులువుగా చెప్పాలి, తర్వాత దిద్దుకుంటారు.

గాలిపటం: దిద్దుకోరు! సరైన జవాబు రాస్తే నాకు సున్నా వేశారు. అది ఇప్పటికీ మర్చిపోలేదు. "సమంగా ఎక్కేటప్పుడు బలాలన్నీ సరిపోయి ఉంటాయి" అంటే ఏ పిల్లాడికి అర్థం కాదు?

తోకచుక్క: ఇద్దరూ వేర్వేరు క్షణాల గురించి మాట్లాడుతున్నారు. ముక్కు ఎత్తగానే దారి పైకి వంగాలి, ఆ కొన్ని క్షణాలు లిఫ్ట్ బరువును మించుతుంది. వాలు స్థిరపడ్డాక తగ్గుతుంది. ఎత్తు మారకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే ఏకంగా రెట్టింపు కావాలి. ఎక్కడమే లేదక్కడ.

నీలిమేఘం: చూశారా, లిఫ్ట్ మించుతుందనేగా నేనన్నదీ.

గాలిపటం: "ఎక్కుతున్నంతసేపూ" అన్నారు. పైన మీ మొదటి మాట చదవండి.